చెకిన్ కౌంటర్ దగ్గర ఆగిపోకుండా: మహమ్మారి వేళ విదేశీ ప్రయాణానికి ఏం చూసుకోవాలి

మహమ్మారి రోజుల్లో విదేశీ ప్రయాణం ఆగిపోయేది ఎక్కువగా అవతలి దేశపు ఇమ్మిగ్రేషన్ దగ్గర కాదు. ఇక్కడే, శంషాబాద్‌లో, చెకిన్ కౌంటర్ దగ్గర. వీసా ఉంటుంది, టికెట్ ఉంటుంది, టెస్టు రిపోర్టు కూడా ఉంటుంది. కానీ రిపోర్టులో శాంపిల్ తీసిన టైము ఉండదు. లేదా పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉన్నచోట రిపోర్టులో ఒక్క అక్షరమే ఉంటుంది. సామాన్లు తూకం వేశాక ఆ సంగతి బయటపడితే చేయగలిగేది చాలా తక్కువ.

కోవిడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది 2020 జనవరి 30న, ఎత్తేసింది 2023 మే 5న. ఆ మూడేళ్ల నిబంధనలు ఇప్పుడు లేవు. అయినా ఎల్లో ఫీవర్ టీకా కార్డు, ఉమ్రాకు మెనింజైటిస్ టీకా, దిగే ముందు నింపే అరైవల్ కార్డుల్లో ఆరోగ్య ప్రశ్నలు నడుస్తూనే ఉన్నాయి. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో ‘మహమ్మారి అత్యవసర పరిస్థితి’ అనే కొత్త హోదా కూడా చేరింది. ఆ సవరణలు 2025 సెప్టెంబరు 19 నుంచి అమల్లోకి వచ్చాయి. రేపు ఏ జబ్బు వచ్చినా కౌంటర్ దగ్గర అడిగే తీరు పెద్దగా మారదు. అందుకే ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా 2021 నాటివి. మన విద్యార్థులు, గల్ఫ్ కార్మికులు ఎక్కువగా నలిగిపోయిన ఏడాది అది.

నిబంధన ఎవరిది, చూసేదెవరు

నిబంధన పెట్టేది దిగే దేశం. దాన్ని అమలు చేసేది మాత్రం మిమ్మల్ని ఎక్కించుకునే ఎయిర్‌లైన్. పత్రాలు సరిగా లేని ప్రయాణికుణ్ని తీసుకెళ్తే తిరిగి తెచ్చే బాధ్యత దానిదే, చాలా దేశాల్లో జరిమానా కూడా దానిమీదే పడుతుంది. కాబట్టి కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికి అనుమానం వస్తే మిమ్మల్ని ఆపడమే క్షేమం. మీ వాదన ఎంత న్యాయమైనదైనా అతని ముందున్న స్క్రీన్ ఏం చెబుతోందన్నదే లెక్క.

ఆ స్క్రీన్ మీద ఉండేది టిమాటిక్. ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘమైన ఐఏటీఏ నడిపే డేటాబేస్ అది. మీ పౌరసత్వం, నివాస దేశం, బయల్దేరే ఊరు, మధ్యలో ఆగే ఊళ్లు, చేరే ఊరు ఇస్తే ఏయే పత్రాలు కావాలో చెబుతుంది. ఐఏటీఏ ట్రావెల్ సెంటర్ సైట్‌లోనూ, కొన్ని ఎయిర్‌లైన్ల సైట్లలోనూ మనమూ చూడొచ్చు. టికెట్ కొనే ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, టెస్టుకు వెళ్లే ముందు ఒకసారి, ఇంట్లోంచి బయల్దేరే సాయంత్రం ఆఖరిసారి చూడండి. ఆ పేజీ పక్కన చేరే దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌నూ తెరిచి పెట్టుకోండి. రెండింటికీ పొంతన లేకపోతే కఠినంగా ఉన్నదాన్నే నమ్మి సిద్ధం కండి.

కాల్ సెంటర్‌లో ‘పర్లేదండీ, వెళ్లొచ్చు’ అన్న మాటను కౌంటర్‌లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అడగాల్సి వస్తే చాట్‌లోనో, మెయిల్‌లోనో అడిగి ఆ జవాబు దాచుకోండి. వాట్సాప్ గ్రూపులు ఒక్కందుకు పనికొస్తాయి: ఏదో మారిందని ముందుగా తెలియడానికి. ఏం మారిందన్నది మాత్రం అక్కడ నేర్చుకోవద్దు. నెల కిందటి సర్క్యులర్ తేదీ కత్తిరించుకుని కొత్తదానిలా తిరుగుతూనే ఉంటుంది.

ఒక ఆంక్షను చదవడం ఎలా

ఉదాహరణకు 2021 మే 4 నుంచి భారత్ ప్రయాణికులపై అమెరికా పెట్టిన ఆంక్ష తీసుకుందాం. పత్రికల్లో ‘భారతీయులపై నిషేధం’ అని వచ్చింది. అసలు పాఠంలో పౌరసత్వం ఊసే వేరుగా ఉంది. అమెరికాలో అడుగుపెట్టే ముందు 14 రోజుల్లో భారత్‌లో ఉన్నవారికి ఆ ఆంక్ష. అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి వర్తించదు. అంటే కడప నుంచి గ్రీన్‌కార్డు మీద వెళ్లేవాళ్లు వెళ్లారు. తండ్రి అంత్యక్రియలకు వచ్చిన హెచ్1బీ ఉద్యోగి వీసా చేతిలో ఉన్నా ఇక్కడే ఉండిపోయాడు. అదే ఉద్యోగి 14 రోజులు మరో దేశంలో, అదీ ఆంక్షల జాబితాలో లేని దేశంలో ఉండి వెళ్తే అడ్డులేదు.

కాబట్టి మొదట చూడాల్సింది ఆంక్ష మీ పాస్‌పోర్టు మీదా, మీరు ఉండొచ్చిన చోటు మీదా అన్నది. రెండోది మినహాయింపుల పేరా. విద్యార్థులకు దారి దొరికింది అందులోనే: ఆగస్టు 1న గానీ ఆ తర్వాత గానీ కోర్సు మొదలయ్యేవారు విడిగా దరఖాస్తు లేకుండానే వెళ్లొచ్చు, కాకపోతే కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు కంటే ముందుగా దిగకూడదు. ఆగస్టు 23న క్లాసులుంటే జులై 24 కంటే ముందు టికెట్ కొనకూడదన్నమాట. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఉన్న ప్రోగ్రాం ప్రారంభ తేదీయే లెక్క, ఓరియెంటేషన్ తేదీ కాదు.

మూడోది అమలు క్షణం. ‘మే 4 అర్ధరాత్రి 12:01’ అన్నది అమెరికా తూర్పు తీరపు టైము, మనకది మే 4 ఉదయం 9:31. పైగా ఆ క్షణానికి విమానం అప్పటికే బయల్దేరి ఉంటే చాలు, చేరనక్కర్లేదు. ఇలాంటిచోట ‘బయల్దేరిన’, ‘చేరిన’ అన్న ఒక్క మాట తేడాకి పది గంటల పైన అటూ ఇటూ అవుతుంది. ప్రకటన వెలువడిన రోజూ అమలయ్యే రోజూ వేరు. ఆ రెండింటి నడుమ ఉన్న రోజుల్లోనే టికెట్ ధరలు కొండెక్కేవి.

గంటల లెక్క

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ‘72 గంటల్లోపు నెగటివ్ రిపోర్టు’ అంటే మూడు ప్రశ్నలు పుడతాయి. గంటలు శాంపిల్ ఇచ్చినప్పటి నుంచా, రిపోర్టు వచ్చినప్పటి నుంచా? బయల్దేరే వరకా, దిగే వరకా? బయల్దేరేది మొదటి విమానమా, చివరిదా?

దాదాపు అన్ని దేశాలూ శాంపిల్ తీసిన క్షణం నుంచే లెక్కపెట్టాయి. రిపోర్టు టైము చూసుకుని ధీమాగా ఉన్నవాళ్లు అక్కడే దెబ్బతిన్నారు. మిగతా రెండింట్లో దేశానికో తీరు. జపాన్ బయల్దేరే ముందు 72 గంటలంది. అమెరికా 2021 డిసెంబరు 6 నుంచి ‘ఒక రోజు ముందు’ అంది, ‘24 గంటల ముందు’ అనలేదు. అది కావాలనే. విమానం 15వ తేదీ రాత్రి పదకొండింటికైనా 14వ తేదీ పొద్దున ఇచ్చిన శాంపిల్ చెల్లుతుంది. విమానాలు మారేవాళ్లకు మొదటి విమానం నుంచే లెక్క, కానీ మొత్తం ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉండాలి, ఏ ఊళ్లోనూ 24 గంటలకు మించి ఆగకూడదు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఒక టికెట్, అక్కణ్నుంచి షికాగోకి ఇంకో టికెట్ అని చవకగా కొన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో విమానం 15వ తేదీ తెల్లవారుజాము 2:30కి. అంటే ఇంట్లోంచి కదిలేది 14వ తేదీ రాత్రి. ఏటా కొందరు ఒక రోజు ఆలస్యంగా ఎయిర్‌పోర్టుకు వచ్చేది ఈ టైముల వల్లే. నిబంధన 48 గంటలు, బయల్దేరే వరకు. గడువు మొదలయ్యేది 13వ తేదీ తెల్లవారుజాము 2:30కి. 13న పొద్దున 8కి శాంపిల్ ఇస్తే విమానం టైముకు 42న్నర గంటలవుతుంది. చూడ్డానికి బాగానే ఉంది, కానీ విమానం ఆరు గంటలు ఆలస్యమైతే 48 దాటిపోతుంది. అదే 13న సాయంత్రం 6కి ఇస్తే 32న్నర గంటలు. ల్యాబ్ పూర్తిగా 24 గంటలు తీసుకున్నా 14న సాయంత్రం ఆరింటికి రిపోర్టు వస్తుంది, విమానం 15 గంటలు ఆలస్యమైనా గడువు దాటదు. గడువు మొదలవగానే పరుగెత్తడం కాదు, అటు రిపోర్టుకూ ఇటు ఆలస్యానికీ సందు వదలాలి. ఆ సందు మధ్యలో ఆదివారమో పండగో పడుతుందేమో ల్యాబ్‌ను ముందే అడగండి.

గడువు దిగే వరకు అని ఉంటే ప్రయాణ గంటలూ, మధ్యలో ఆగే గంటలూ కలపాలి. టైము తేడాతో బుర్ర తిరిగితే అన్నీ మన టైములోకి మార్చి కాగితం మీద రాసుకోండి, నోటి లెక్క వద్దు.

కొన్నిచోట్ల రెండు టెస్టులుండేవి. 2021లో దుబాయ్ వెళ్లేందుకు 48 గంటల్లోపు ఆర్‌టీ-పీసీఆర్ ఒకటి, విమానం ఎక్కే ముందు ఎయిర్‌పోర్టులోనే ర్యాపిడ్ పీసీఆర్ ఒకటి. రెండోదానికి మొదట నాలుగు గంటల గడువు, తర్వాత ఆరు. అంటే మామూలుగా మూడు గంటల ముందు వెళ్లే ఎయిర్‌పోర్టుకు ఆరేడు గంటల ముందు వెళ్లాల్సిందే. కెనడాది ఇంకో దారి. 2021 సెప్టెంబరు 27న డైరెక్ట్ విమానాలు మళ్లీ మొదలైనప్పుడు ఢిల్లీ ఎయిర్‌పోర్టులోని జీన్‌స్ట్రింగ్స్ ల్యాబ్‌లో 18 గంటల్లోపు తీసిన రిపోర్టే కావాలంది. హైదరాబాద్‌లో ఎంత పేరున్న ల్యాబ్ రిపోర్టైనా చెల్లలేదు. టెస్టు ఏది, ఎన్ని గంటలు అన్న ప్రశ్నల పక్కన ‘ఎక్కడ తీయాలి’ అన్నది కూడా రాసి పెట్టుకోండి.

రిపోర్టు చేతికి రాగానే

ల్యాబ్ కౌంటర్ దగ్గరే నిలబడి ఇవన్నీ ఉన్నాయో లేదో చూడండి:

- పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ
- శాంపిల్ తీసిన తేదీ, టైము. రిపోర్టు ఇచ్చిన తేదీ, టైము విడివిడిగా
- టెస్టు పద్ధతి పూర్తి పేరు (‘కోవిడ్ టెస్ట్: నెగటివ్’ అంటే చాలదు)
- ల్యాబ్ చిరునామా, గుర్తింపు నంబరు
- క్యూఆర్ కోడ్

ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే పద్ధతిలో ఒక తిరకాసుంది. కుర్రాడు పొద్దున 8కి తీసుకుంటాడు, ఊరంతా తిరిగి ల్యాబ్‌లో ఒంటి గంటకు ఎంట్రీ వేస్తాడు, రిపోర్టులో ‘కలెక్టెడ్’ కింద ఒంటి గంట పడుతుంది. ఒక్కోసారి టైము ఖాళీగానే వదిలేస్తారు. కుర్రాడి ఫోన్‌లో ఎంట్రీ మీ కళ్లముందే వేయించండి. గడువు బిగుతుగా ఉంటే ల్యాబ్‌కే వెళ్లడం మంచిది.

క్యూఆర్‌ను మీ ఫోన్‌లో కాక ఇంకొకరి ఫోన్‌లో స్కాన్ చేసి చూడండి. అది ల్యాబ్ సైట్‌లోని అసలు రిపోర్టు పీడీఎఫ్‌కు తీసుకెళ్లాలి. ల్యాబ్ హోమ్ పేజీ తెరుచుకున్నా, పాస్‌వర్డ్ అడిగినా, పేరూ ఫలితం మాత్రమే అక్షరాల్లో వచ్చినా యూఏఈ లాంటి దేశాల ప్రయాణాల్లో ఇబ్బందే.

కోలుకున్నవాళ్లకు ఒక మాట. జబ్బు తగ్గాక కూడా కొన్ని వారాలపాటు పీసీఆర్ పాజిటివ్ రావొచ్చు, అంటుకునే దశ దాటినా సరే. అందుకే అమెరికా 90 రోజుల్లోపు పాజిటివ్ రిపోర్టూ, ప్రయాణానికి ఫర్వాలేదని డాక్టరు లేఖా ఉంటే కొత్త టెస్టు అడగలేదు. పాజిటివ్ రిపోర్టును చింపి పారేసినవాళ్లు తర్వాత ల్యాబుల చుట్టూ తిరిగారు. జబ్బు వచ్చిన కాగితాన్నీ భద్రంగా ఉంచండి.

ఇంటిపేరు గొడవ

ఇది మనకే ఎక్కువ. ఆధార్‌లో ‘కె. వెంకటరమణ’, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ‘కొండపల్లి’, గివెన్ నేమ్‌లో ‘వెంకట రమణ’ అని రెండు ముక్కలు, టికెట్‌లో అన్నీ అతుక్కుపోయి ఒకే మాట. టికెట్‌లో ఖాళీలు పోవడం మామూలే, దాంతో ఎవరూ ఆపరు. ఆధార్ పేరుతో పుట్టిన ఆరోగ్య పత్రం దగ్గరే చిక్కు. కోవిన్ సర్టిఫికెట్లు చాలామందికి ఆధార్ పేరుతోనే వచ్చాయి. పెళ్లయ్యాక పాస్‌పోర్టు మార్చుకోని ఆడవాళ్లకు ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకోచోట అత్తింటిది.

కోవిన్‌లో పాస్‌పోర్టు నంబరు జతచేసే వీలు 2021 జూన్‌లో వచ్చింది, పేరు సవరణకు మాత్రం ఒక్కసారే అవకాశం ఇచ్చారు. తొందర్లో తప్పు కొట్టినవాళ్లు ఇరుక్కుపోయారు. ఏ పోర్టల్ అయినా ‘ఒక్కసారే మార్చగలరు’ అంటే పాస్‌పోర్టును పక్కన పెట్టుకుని, అందులో అడుగున రెండు వరుసల్లో బాణం గుర్తులతో ఉన్న చోట పేరు ఏ వరుసలో ఉందో అలాగే కొట్టండి. యంత్రం చదివేది ఆ వరుసలనే.

ఇంకో సంగతి. మొదట కోవిన్ సర్టిఫికెట్లో వయసే ఉండేది. బ్రిటన్‌కు పుట్టిన తేదీ పూర్తిగా కావాలి. 2021 సెప్టెంబరు చివర్లో ఆ మార్పు చేశాక అందరూ కొత్త కాపీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాల్సి వచ్చింది. ఫోన్‌లో పాత పీడీఎఫ్ ఉందని నిశ్చింతగా ఉండొద్దు. ప్రయాణం వారంలో కొత్త కాపీ దించుకోండి.

టీకా వేరు, గుర్తింపు వేరు

కోవాగ్జిన్ వేయించుకున్నవాళ్లకు ఇక్కడ రెండు డోసులు పూర్తయినా మొదట్లో చాలా దేశాల లెక్కలో అది సున్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర జాబితాలో అది చేరింది 2021 నవంబరు 3న. అమెరికా టీకా నిబంధన మొదలైంది నవంబరు 8న. ఐదు రోజుల తేడాతో బతికిపోయారు. కోవిషీల్డ్‌ది ఇంకో రకం: సెప్టెంబరులో బ్రిటన్ ఆ టీకాను గుర్తించింది, భారత్ ఇచ్చే సర్టిఫికెట్‌ను మాత్రం గుర్తించలేదు. దాంతో మనవాళ్లకు అక్కడ పెట్టిన క్వారంటైన్ అక్టోబరు 11న గానీ తొలగలేదు. కాబట్టి ‘మా టీకా లిస్టులో ఉందా’ అన్నదొక్కటే సరిపోదు, ‘మా దేశపు కాగితం లిస్టులో ఉందా’ అన్నది కూడా అడగాలి.

తేదీల లెక్క ఇక్కడా ఉంది. ‘పూర్తి టీకా’ అంటే చాలాచోట్ల చివరి డోసు తర్వాత 14 రోజులు నిండాలి. డోసుల మధ్య గడువు కూడా కలిపి వెనక్కి లెక్కపెట్టాలి. కోవిషీల్డ్‌కు మన దగ్గర 84 రోజుల ఎడం ఉన్నప్పుడు ఆగస్టు ప్రయాణానికి జూన్‌లో మొదటి డోసు వేసుకున్న విద్యార్థికి లెక్క కుదరదు. చదువుకో, ఉద్యోగానికో విదేశం వెళ్లేవాళ్లకు ఆ ఎడాన్ని 28 రోజులకు తగ్గించింది అందుకే. సర్టిఫికెట్‌కు కాలం తీరడం కూడా ఉంటుంది: ఐరోపా యూనియన్ 2022 ఫిబ్రవరి 1 నుంచి బూస్టర్ లేని సర్టిఫికెట్‌కు 270 రోజులే ఇచ్చింది.

పిల్లల వయసు ప్రయాణం రోజున ఎంతో అదే లెక్క. టెస్టుకో వయసు, టీకాకో వయసు. అప్పట్లో అమెరికా టెస్టు రెండేళ్లు నిండినవాళ్లందరికీ ఉండేది, టీకా నిబంధన 18 ఏళ్లు నిండినవాళ్లకే. వెళ్లేటప్పుడు ఏడాదిన్నర ఉన్న పాపకు తిరిగొచ్చేసరికి రెండేళ్లు దాటొచ్చు.

మధ్యలో ఆగే దేశం

‘ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్లం కదా’ అన్న ధైర్యం అన్నిచోట్లా పనిచేయదు. ట్రాన్సిట్‌కూ టెస్టు అడిగిన దేశాలున్నాయి. రెండు వేర్వేరు టికెట్లుంటే బ్యాగులు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, అంటే ఆ దేశంలోకి అడుగుపెట్టినట్టే. వీసా, టెస్టు, ఫారం అన్నీ వర్తిస్తాయి. మహమ్మారి వేళ ఒకే టికెట్ మీద వెళ్లడానికి పదివేలు ఎక్కువైనా పెట్టండి, తర్వాత కలిసొస్తుంది.

మూడో దేశంలో 14 రోజులు ఉండి వెళ్లే దారి ఇంకా ప్రమాదం. జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి సౌదీ వెళ్లేవాళ్లు నేరుగా వెళ్లే వీల్లేక దుబాయ్‌లో రెండు వారాలు గడిపి వెళ్లేవారు. 2021 ఫిబ్రవరి 3 రాత్రి సౌదీ 20 దేశాలకు తలుపులు మూసింది. జాబితాలో భారత్‌తో పాటు యూఏఈ కూడా ఉంది. దుబాయ్‌లో పన్నెండు రోజులు పూర్తిచేసిన మనిషికి ముందుకు దారి లేదు, వెనక్కి రావాలంటే పెట్టిన డబ్బు పోయినట్టే. ఏప్రిల్ 24న యూఏఈయే భారత్ విమానాలు ఆపింది. మే 13న మాల్దీవులు దక్షిణాసియా వాళ్లకు వీసాలు ఆపేసింది. డిసెంబరు 1న గానీ అందరికీ సౌదీకి నేరుగా వెళ్లే వీలు రాలేదు.

ఆ దారి పట్టక తప్పని పరిస్థితే వస్తే, ఏజెంటు ప్యాకేజీ ధర కంటే ముందు ఇవి చూడండి. ఆ దేశంలో వీసా గడువు 14 రోజులు కాదు, 30 రోజులైనా ఉండాలి. చేతిలో మరో రెండు వారాల తిండికీ గదికీ డబ్బు, తిరుగు టికెట్ డబ్బు విడిగా ఉండాలి. ఇఖామా (సౌదీ నివాస అనుమతి) గడువు ఆ నెలలో తీరకూడదు. 14 రోజుల లెక్క మొదలయ్యేది పాస్‌పోర్టులో పడిన స్టాంపు తేదీ నుంచి, హోటల్ బిల్లు తేదీ నుంచి కాదు.

ఎల్లో ఫీవర్: ఇప్పటికీ నడుస్తున్న నిబంధన

నైజీరియా, ఘనా, ఉగాండా లాంటి ఆఫ్రికా దేశాలకో, బ్రెజిల్‌కో వెళ్లొచ్చేవాళ్లకు తిరిగి వచ్చేటప్పుడు మన దేశమే ఈ టీకా కార్డు అడుగుతుంది. మన దగ్గర ఆ జబ్బు లేదు, దాన్ని మోసే దోమ మాత్రం నిండుగా ఉంది. అందుకే పట్టు ఎక్కువ. ఆ దేశాల నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు కార్డు లేకుండా దిగితే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు.

టీకా ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్. వేసే రోజులు, టోకెన్ పద్ధతి మారుతుంటాయి కాబట్టి ముందురోజు కనుక్కుని వెళ్లండి. ఒరిజినల్ పాస్‌పోర్టు తప్పనిసరి.

టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. జూన్ 1న వేస్తే జూన్ 11 నుంచి. టికెట్ జూన్ 8న ఉంటే కార్డు ఉన్నా లేనట్టే. 2016 జులై 11 నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది, పాత కార్డు మీద పదేళ్లని రాసి ఉన్నా సరే. కార్డు అందుకోగానే అక్కడే చూడండి: బ్యాచ్ నంబరు, కేంద్రం ముద్ర, డాక్టరు సంతకం, మీ సంతకం, తేదీలో నెల అంకెల్లో కాక అక్షరాల్లో. కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఖాళీ గళ్లు ఉంటే కార్డు చెల్లకపోవచ్చని ఆ కార్డు మీదే రాసి ఉంటుంది. తప్పు పడితే దిద్దించుకోకుండా కొత్త కార్డు రాయించుకోండి.

ఇది లైవ్ టీకా, అంటే బలహీనపరచిన సజీవ క్రిమితో చేసినది. గర్భిణులు, అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లాంటి ఇంకో లైవ్ టీకా కూడా ఉంటే రెండూ ఒకే రోజు, లేదంటే నాలుగు వారాల తేడాతో. వైద్య కారణాల లేఖ తెచ్చుకున్నా క్వారంటైన్ తప్పుతుందన్న భరోసా లేదు.

ఇథియోపియాలోని అడిస్ అబాబాలో విమానం మారేవాళ్ల సందేహం ఎప్పుడూ ఉండేదే. అక్కడ ఎయిర్‌పోర్టు లోపలే ఉండిపోయి, ఇక్కడి హెల్త్ ఆఫీసరు ఒప్పుకుంటే కార్డు అడగరు. ఎయిర్‌లైన్ ఉచితంగా ఇచ్చే హోటల్‌కు వెళ్లి పడుకుంటే మాత్రం ఆ మినహాయింపు పోతుంది. బోర్డింగ్ పాసులు రెండూ దాచుకోండి, లోపలే ఉన్నారని చెప్పుకోవడానికి అవే ఆధారం.

ఉమ్రా, హజ్‌లకు నాలుగు రకాల క్రిములకు పనిచేసే మెనింజైటిస్ టీకా కావాలి. దిగడానికి కనీసం పది రోజుల ముందు వేసుకోవాలి. పాలీశాక్రైడ్ రకానికి మూడేళ్లు, కాంజుగేట్ రకానికి ఐదేళ్లు చెల్లుబాటు. సర్టిఫికెట్ మీద ఏ రకమో రాయించండి, లేకపోతే మూడేళ్లకే లెక్కేస్తారు.

ఫారాలు, తిరుగు ప్రయాణం, డబ్బు

సింగపూర్ అరైవల్ కార్డు, థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు దిగే ముందు మూడు రోజుల్లో నింపాలి. రెండూ ఉచితం. గూగుల్‌లో పైన వచ్చే ప్రకటన సైట్లు ఇదే ఫారానికి డబ్బు గుంజుతాయి, పాస్‌పోర్టు వివరాలూ తీసుకుంటాయి. అడ్రసు చివర ఆ దేశ ప్రభుత్వపు డొమైన్ ఉందో లేదో చూడండి. గత రెండు వారాల్లో ఏ దేశాల్లో ఉన్నారన్న గడిలో ట్రాన్సిట్ ఊళ్లు మరచిపోవద్దు. పాస్‌పోర్టు స్టాంపులతో అది సరిపోలాలి.

వెళ్లడం గురించే ఆలోచించి రావడం మరచిపోతారు. 2021 నవంబరు 26న ఒమిక్రాన్‌కు పేరు పెట్టారు, డిసెంబరు 1 నుంచే ఇక్కడ ‘ముప్పున్న దేశాల’ నుంచి వచ్చేవాళ్లు దిగగానే టెస్టు చేయించుకుని ఫలితం వచ్చేదాకా ఎయిర్‌పోర్టులోనే ఉండాలన్నారు. ఢిల్లీలో రెండు గంటల తేడాతో విజయవాడ విమానం పెట్టుకున్నవాళ్లందరికీ ఆ టికెట్ పోయింది. నిబంధనలు కదులుతున్న రోజుల్లో దిగిన ఊరి నుంచి ఇంటికి విమానం మర్నాటికి పెట్టుకోండి, లేదా మొత్తం ఒకే టికెట్ మీద కొనండి.

ఇన్సూరెన్స్ పాలసీ తీసుకునే నాటికే జగమెరిగిన మహమ్మారిని చాలా పాలసీలు మినహాయిస్తాయి. పత్రాలు లేక ఎక్కించుకోకపోతే ఏ పాలసీ పైసా ఇవ్వదనే అనుకోండి. కొనే ముందు అడగాల్సినవి: అక్కడ పాజిటివ్ వస్తే హోటల్ ఖర్చు ఇస్తారా, సరిహద్దు మూసేస్తే టికెట్ డబ్బు ఇస్తారా, పాలసీ గడువు ఆటోమేటిగ్గా పొడిగిస్తారా. జవాబు మెయిల్‌లో తీసుకోండి.

కౌంటర్ దగ్గర ఆపితే

మొత్తం కాగితాలు ప్రింటు రెండు కాపీలు, ఫోన్‌లో నెట్ లేకున్నా తెరుచుకునే పీడీఎఫ్‌లు పెట్టుకుని కౌంటర్ తెరిచిన మొదటి అరగంటలోనే వెళ్లండి. ఏదైనా తేడా వస్తే సరిదిద్దుకోడానికి ఉన్నది ఆ టైమే.

ఆపితే గొంతు పెంచకుండా మొదట అడగాల్సింది: ‘టిమాటిక్‌లో ఏ లైను చూసి ఆపారో చూపిస్తారా?’ ఒక్కోసారి మీ నివాస దేశమో, ట్రాన్సిట్ ఊరో తప్పుగా కొట్టి ఉంటారు, సరిచేస్తే తేలిపోతుంది. కాకపోతే డ్యూటీ మేనేజర్‌ను పిలిపించి ప్రభుత్వ పేజీ, మినహాయింపు పేరా చూపించండి. రిపోర్టులో తప్పయితే వెంటనే ల్యాబ్‌కు ఫోన్ చేసి సవరించిన పీడీఎఫ్ పంపించుకోండి. అందుకే రాత్రిపూట ఎత్తే ల్యాబ్ నంబరు ముందే దగ్గర పెట్టుకోవాలి.

అయినా కుదరదంటే గేటు మూసేలోగా అదే కౌంటర్‌లో టికెట్‌ను మరో తేదీకి మార్పించండి. విమానం వెళ్లిపోయాక అడిగితే ‘నో-షో’ కింద రాస్తారు, అప్పుడు మార్పు రుసుముతో సరిపోదు, తిరుగు టికెట్ కూడా రద్దవుతుంది. ఎందుకు ఎక్కించుకోలేదో ఒక్క లైను కాగితం మీదో, మెయిల్‌లోనో రాయించుకోండి. బ్యాగులు అప్పటికే బెల్టు మీద వెళ్లిపోయి ఉంటే ట్యాగు నంబర్లు చూపించి వెనక్కి తెప్పించుకున్నాకే కౌంటర్ దగ్గర్నుంచి కదలండి.